మ్యాపులో లేని కాలవగట్టు పేటను ఎలా వెతకాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ ముత్తాతగారు దుగ్గిరాల లాకులకు దగ్గర్లో, కాలవగట్టు మీద ‘కొత్తపాలెం’ అనే చిన్న పేటలో పుట్టారు. ముప్పై, నలభై గడపలు. మగవాళ్లంతా పడవలు లాగేవారు. ఇప్పుడు ఆ పేరు ఏ మ్యాపులోనూ లేదు. ఆఫీసులో అడిగితే అలాంటి గ్రామమే లేదన్నారు. మీ నాయనమ్మగారు మాత్రం ‘ఉండేది, నేను చూశాను’ అంటున్నారు. ఎక్కడ వెతకాలని అడిగారు.

ముందుగా, నాయనమ్మగారి మాట నమ్మండి. నేను సర్వే శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. ఎక్కువ కాలం గుంటూరు, తెనాలి వైపే తిరిగాను. ఇలాంటి పేటల్ని వెతుక్కుంటూ వచ్చినవాళ్లకి రిటైరయ్యాక కూడా సాయం చేస్తూనే ఉన్నాను. పెద్దవాళ్లు పేరు తప్పు చెప్పొచ్చు, ఏడాది తప్పు చెప్పొచ్చు. లేని ఊరిని ఉందని చెప్పిన మనిషి నాకింతవరకు తగల్లేదు.

ఆఫీసు వాళ్లు కూడా మీకు అబద్ధం చెప్పలేదు. వాళ్లు చూసింది రెవెన్యూ గ్రామాల జాబితా. రెవెన్యూ గ్రామమంటే మనుషులు కాపురముండే చోటు అని కాదు, శిస్తు లెక్క కోసం చుట్టూ హద్దు గీసిన భూమి. ఒక్కో రెవెన్యూ గ్రామం కింద రెండో మూడో శివారు పల్లెలు ఉంటాయి. వాటిలో గ్రామకంఠం, అంటే ఊరి ఇళ్ల స్థలం, అని నమోదైనవి కొన్నే. మీ వాళ్ల పేట ఉన్నది కాలవగట్టు మీద. గట్టు సర్కారుది. ఆర్‌ఎస్‌ఆర్ అని మేం పిలుచుకునే రీసర్వే సెటిల్‌మెంట్ రిజిస్టరు తీస్తే ఆ సర్వే నంబరు ఎదురుగా ‘కాలవ పోరంబోకు’ అని ఒక్క మాట ఉంటుంది, అంతే. దాని మీద ముప్పై పొయ్యిలు వెలిగినా ఆ రిజిస్టరుకు పట్టదు. భూమి ఎవరిదో, శిస్తు ఎంతో అది రాస్తుంది. ఎవరు బతికారో రాయదు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పట్టా రికార్డులో పేరు లేదు కాబట్టి ఇంకెక్కడా ఉండదనుకుంటారు. పట్టాలేని మనుషుల్ని ప్రభుత్వం వేరే పుస్తకాల్లో రాసింది. జరిమానా వేసినప్పుడు రాసింది, పిల్లాడు బడికొచ్చినప్పుడు రాసింది, మనిషి చచ్చిపోయినప్పుడు రాసింది. మీరు వెతకాల్సింది ఆ పుస్తకాలు.

జరిమానా సంగతి వివరంగా చెప్తాను, మీకు అన్నిటికంటే పనికొచ్చేది అదే. 1905లో మద్రాసు ప్రభుత్వం భూ ఆక్రమణల చట్టం తెచ్చింది. పోరంబోకులో గుడిసె వేసుకున్నా, నాలుగు గజాల్లో గోంగూర వేసుకున్నా దాని కింద ఏటా కొంత సొమ్ము కట్టాలి. దాన్ని శివాయి జమా అంటారు. కట్టమని ఇచ్చే నోటీసు పేరు బి-మెమో. ఈ లెక్కలు కరణం ఏటా రాసేవాడు. ఏ సర్వే నంబరులో ఎవరేం సాగు చేస్తున్నారో ఏటా రాసే అడంగల్లో, రిమార్కుల గడిలో కూడా ఎక్కించేవాడు.

ఒకసారి వేరే పని మీద తెనాలి వైపు ఒక గ్రామం పాత అడంగళ్లు తీయించాల్సి వచ్చింది. రెవెన్యూ వాళ్ల ఫసలీ సంవత్సరం 1346. అట్ట లేదు, అంచులు చెదలు తినేసింది, పేజీ తిప్పితే పొడి రాలుతోంది. కాలవ పోరంబోకు నంబరు దగ్గర పట్టాదారు గడి ఖాళీ, సాగుదారు గడి ఖాళీ. రిమార్కుల గడిలో మాత్రం చోటు చాలక అక్షరాలు పక్క గీతల మీదికి పాకాయి. ‘గుడిసెలు 11’ అని రాసి, కింద పదకొండు పేర్లు, తండ్రి పేర్లతో సహా. ఒక్కొక్కరికీ ఎదురుగా అణాల్లో జమా. రెండు పేర్ల పక్కన ‘పడవ’ అని ఉంది. ఒక పేరు కొట్టేసి, పైన సన్నగా ‘భార్య’ అని రాశాడు. ఆ ఏడు ఆయన పోయి ఉంటాడు, జమా ఆవిడ మీదికి మారింది. ఆ పేజీ ముందు నేను చాలాసేపు కూర్చున్నాను. ఆ పదకొండు కుటుంబాలకి ఆ గట్టు మీద ఉన్నామని చెప్పుకోడానికి ఉన్న ఒకే ఒక్క కాగితం అది. అందులో వాళ్లని రాసింది ఆక్రమణదారులని.

మీరు కూడా ఆ మాటకు సిద్ధపడి వెళ్లండి. మీ ముత్తాతగారి తండ్రి పేరు దొరికితే బహుశా ఆ మాటతోనే దొరుకుతుంది. కులం పేరు కూడా ఇవాళ మనం వాడని పద్ధతిలో రాసి ఉండొచ్చు. బాధపడకుండా ఉండటం కష్టమే గానీ, కాగితం వదులుకోవద్దు. సర్టిఫైడ్ కాపీ తీసుకోండి.

ఫసలీ అన్నాను కదా, ఆ లెక్క తెలియకపోతే పాత రికార్డులో అడుగు ముందుకు పడదు. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. జూలైలో మొదలవుతుంది. 1346 ఫసలీ అంటే 1936 జూలై నుంచి 1937 జూన్ దాకా. అడంగళ్ల కోసం అర్జీ పెట్టేటప్పుడు ఫసలీ నంబరు వేసి రాయండి, ‘1936 అడంగల్’ అని రాస్తే పక్క ఏడాదిది చేతిలో పెట్టే అవకాశం ఉంది.

ఎంత వెనక్కి వెళ్లాలో కూడా ముందే తేల్చుకోవచ్చు. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తయింది. సీతానగరం దగ్గర బయల్దేరే పశ్చిమ కాలువ ఆ ఆనకట్టతో వచ్చిందే. కాలవ లేకుండా కాలవగట్టు పేట ఉండదు. కాబట్టి మీ కొత్తపాలెం వయసు ఎంత లాగినా 1850ల కంటే వెనక్కి పోదు. కంపెనీ కాలపు సర్వేయరు మెకంజీ దొర రాయించిన కైఫియత్తులు చూడమని మీకెవరో సలహా ఇచ్చారని రాశారు. అవి గొప్ప సంపద, కాదనను. మన పల్లెల కథలు కరణాల నోటి నుంచి రాయించిన కాగితాలవి. కానీ మెకంజీ 1821లోనే పోయాడు. మీ పేట వాటిలో ఉండే వీల్లేదు. అటు వెళ్లి నెలలు పోగొట్టుకోకండి.

రెండో కొస మీ నాయనమ్మగారే చెప్పాలి. పడవలు ఎప్పుడు ఆగిపోయాయి? ఒకప్పుడు సీతానగరం నుంచి దుగ్గిరాల మీదుగా కొమ్మమూరు కాలువలో దిగి పెదగంజాం దాకా, అక్కడ బకింగ్‌హాం కాలువ పట్టుకుని మద్రాసు దాకా పడవలు నడిచాయి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు భుజానికేసుకుని లాగడం. రైలు, ఆ తర్వాత లారీ వచ్చాక ఆ పని పలచబడింది. పని పోతే పేట పోతుంది. మీ వాళ్లు లేచిపోయింది ఆవిడ చిన్నతనంలోనా, పెళ్లయ్యాకా అన్నది అడిగితే ఇరవై ఏళ్ల తేడా తేలిపోతుంది.

ఇక మ్యాపులు. గూగుల్ మ్యాపు ఇలాంటి పనికి చివర్లో అక్కరకొస్తుంది, మొదట్లో కాదు. మీకు కావాల్సింది సర్వే ఆఫ్ ఇండియా వారి పాత అంగుళం మ్యాపు, అంటే మైలుకు ఒక అంగుళం. ఈ మ్యాపులకు నంబర్లుంటాయి. మన ప్రాంతమంతా 65డి కింద వస్తుంది. గుంటూరు పట్నం 65డి/7లో, మంగళగిరి, దుగ్గిరాల 65డి/11లో పడతాయి. తర్వాత మైలు బదులు 1:50,000 కొలతలో వచ్చినా ఆ గళ్లు పాతవే, కొత్త మ్యాపుల్లో నంబరు రాసే పద్ధతి మాత్రం మారింది. అంగుళం మ్యాపు గీసిన సర్వేయరుకి పట్టాతో పని లేదు. దారిలో గుడిసెలు కనిపిస్తే చిన్న చిన్న చుక్కలు పెట్టాడు, బావి కనిపిస్తే సున్నా చుట్టాడు. పేరు రాయకపోయినా చుక్కలు మాత్రం పెట్టాడు. గట్టు వెంట చుక్కల వరస ఉందేమో భూతద్దం పెట్టి చూడండి.

పేరు ఉన్నా అది కొత్తపాలెం అని ఉంటుందని గ్యారంటీ లేదు. ఆ పేరే చూడండి, కొత్తగా వెలిసిన పాలెం అని పాత ఊరివాళ్లు పిలిచిన పేరు. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో కొత్తపాలేలు కోకొల్లలు. లోపల ఉన్నవాళ్లు వేరే పేరుతో పిలుచుకుని ఉండొచ్చు. ఇంగ్లీషు స్పెల్లింగులో కొత్తపాలెం, కోటపాలెం ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి పేరు దొరికిందని సంబరపడొద్దు, దొరకలేదని నీరుగారిపోవద్దు.

అంగుళం మ్యాపు దొరకడం ఆలస్యమైతే అమెరికా సైన్యం 1950ల్లో అచ్చువేసిన మ్యాపులు టెక్సస్ విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. కొలత 1:2,50,000 కాబట్టి పేటలు కనిపించవు గానీ కాలవలు, దారులు పాత రూపంలో తెలుస్తాయి. అంతకంటే మేలైనది కరోనా ఉపగ్రహం తీసిన ఫొటోలు. జబ్బు పేరు కాదు, అమెరికా గూఢచారి ఉపగ్రహాల పేరు. 1960 నుంచి 1972 దాకా తీసిన ఆ ఫొటోల్ని 1995లో రహస్యాల జాబితా నుంచి తీసేశారు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ వారి ఎర్త్ ఎక్స్‌ప్లోరర్ వెబ్‌సైట్‌లో మన ప్రాంతం మీద గడి గీసి వెతకండి. ఇంతకు ముందే స్కాన్ చేసినవి డబ్బు లేకుండా దింపుకోవచ్చు. మీ పేట అరవైల దాకా నిలిచి ఉంటే గట్టు మీద ఇళ్ల వరస మచ్చలా కనిపించే అవకాశం ఉంది.

పాత మ్యాపును ఇప్పటి చిత్రం మీద కూర్చోబెట్టాలంటే కదలని గుర్తులు కావాలి. క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ పని చేయొచ్చు, లేకపోతే గూగుల్ ఎర్త్‌లో బొమ్మను పైన పరిచి లాగి సరిచేసినా చాలు. గుర్తులుగా చెట్లూ రోడ్డు మలుపులూ పెట్టుకోకండి, అవి మారిపోతాయి. లాకులు మారవు. రైలు వంతెనలు మారవు. మంగళగిరి కొండ ఎక్కడికీ పోదు. అలాంటివి కనీసం ఐదారు తీసుకుంటే మీ చుక్కల వరస ఇవాళ్టి నేల మీద ఏ సర్వే నంబరులో పడుతుందో తెలిసిపోతుంది.

ఆ నంబరు తెలిశాక ఎఫ్‌ఎంబీ తీయించండి, ఒక్కో సర్వే నంబరుకు గొలుసు పట్టి కొలిచి గీసిన పటం అది. ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో చాలా గ్రామాలవి ఉన్నాయి. పాత కాపీ జిల్లా సర్వే ఆఫీసులో అడగాలి. దానితోపాటు గ్రామ మ్యాపు కూడా అడగండి, పాతవి మైలుకు పదహారు అంగుళాల కొలతలో ఉంటాయి. అంగుళం మ్యాపులో చుక్కగా ఉన్నది ఇందులో స్పష్టంగా బావి, గుడి, కాలిబాట, శ్మశానం అని విడిపోతుంది. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ శ్మశానాలు ఉండగా, ఊరు లేని చోట ఇంకో చిన్న శ్మశానం పోరంబోకు కనిపిస్తే దాన్ని వదలకండి. కాపురం లేని చోట శ్మశానం ఉండదు.

ఒక తొందర కూడా ఉంది. ఈమధ్య మళ్లీ రీసర్వే జరిగిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. మీ గ్రామంలో కూడా అయిపోయి ఉంటే పాత నంబరుకీ కొత్త నంబరుకీ లంకె చూపించే జాబితా కాపీ ఇప్పుడే తీసి పెట్టుకోండి. అది చేతిలో లేకపోతే పదేళ్ల తర్వాత పాత అడంగల్ దొరికినా అది ఏ నేల గురించో చెప్పడానికి చాలా తిప్పలు పడాలి.

కాలవకు సంబంధించిన కాగితాలు రెవెన్యూలో కాక నీటిపారుదల శాఖలో ఉంటాయి. అక్కడ సర్వే నంబర్లు చెప్తే పని జరగదు. కాలవ పేరు, ఎన్నో మైలు, ఎన్నో ఫర్లాంగు, కుడి గట్టా ఎడమ గట్టా అని అడగాలి. గట్టు వెడల్పు చేసినప్పుడు, గుడిసెలు తీయించినప్పుడు రాసుకున్నవన్నీ ఆ లెక్కలోనే ఉంటాయి. 1890 నాటి కాలవలు, రేవుల చట్టం కింద పడవలకు రిజిస్ట్రేషన్, లైసెన్సు ఉండేవి. ఆ రిజిస్టర్లు దొరికితే మంచిదే గానీ, వాటిలో ఉండేది పడవ యజమాని పేరు. తాడు లాగినవాడి పేరు కోసం వాటి మీద ఆశ పెట్టుకోకండి.

బడి రిజిస్టరు మాత్రం మర్చిపోకండి. పేటకు దగ్గర్లో ఉన్న పాత ఎలిమెంటరీ స్కూలుకి వెళ్లి హెడ్మాస్టరుగారిని మర్యాదగా అడగండి. అడ్మిషన్ రిజిస్టరు స్కూళ్లు పారేయవు. అందులో తండ్రి పేరు, వృత్తి, నివాసం ఉంటాయి. పేట పేరు సొంత మనిషి నోటి నుంచి విని రాసింది ఏదైనా ఉందంటే ఈ రిజిస్టరే. కరణం తన అలవాటు కొద్దీ రాస్తాడు, మాస్టారు మాత్రం ఆ తండ్రి చెప్పింది రాస్తాడు. పాత గ్రామ మునసబు రాసిన జనన మరణాల రిజిస్టర్లు కూడా అంతే విలువైనవి. మీ వాళ్లలో ఎవరైనా క్రైస్తవం పుచ్చుకుని ఉంటే చర్చి బాప్తిస్మం రిజిస్టర్లు చూడండి. గుంటూరులో లూథరన్ మిషన్ 1842 నుంచి ఉంది. రెవెన్యూ వాళ్లు పేరు పెట్టి పిలవని పల్లెల్ని పాస్టర్లు పేరు పెట్టి రాసుకున్నారు.

కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. అప్పటిదాకా చాలా లెక్కలు కరణాల ఇళ్లలోనే పెట్టెల్లో ఉండేవి. అప్పగింతల్లో అన్నీ ఆఫీసుకి చేరలేదు. అందుకే ఒక ఆఫీసులో లేదంటే లేనట్టు కాదు. జిల్లా కూడా చూసుకోండి. 1859లో గుంటూరు జిల్లాను కృష్ణా జిల్లాలో కలిపేశారు, మళ్లీ 1904లో విడదీశారు. ఆ నలభై ఐదేళ్ల కాగితాలకు గుంటూరు అని అడిగితే ‘లేదు’ అనే జవాబు వస్తుంది. కృష్ణా జిల్లా కింద అడగాలి. పై స్థాయి ఉత్తర ప్రత్యుత్తరాలు మద్రాసు ఎగ్మోరులోని ఆర్కైవ్స్ దాకా తీసుకెళ్తాయి. అది ఆఖరి మెట్టు, ముందే టికెట్ కొనకండి.

ఇదే ప్రశ్న కింద ఇంకొకరు వాళ్ల పొలాన్ని ‘పాటిచేను’ అంటారని, అక్కడ ఊరుండేదా అని అడిగారు. ఉండేది. పాటి అంటే పాడుపడిన పాత ఊరి చోటు. జనం కాపురమున్న నేలలో బూడిద, పేడ, ఎముకలు కలిసి మట్టి సారమవుతుంది కాబట్టి ఎండాకాలంలో పాటిమట్టి బళ్లకెత్తి చేలకు తోలేవారు. గుంటూరు సీమలో ఇన్ని పాటిదిబ్బలు ఉండటానికి ఒక కారణం 1832-33 నాటి నందన కరువు. డొక్కల కరువని మన పెద్దలు చెప్పుకున్నది దాన్నే. అప్పుడు ఖాళీ అయిన పల్లెలు కొన్ని మళ్లీ లేవలేదు. మీ పొలంలో బొడ్రాయి ఉందేమో చూడండి. తెనాలి వైపు ఓ పసుపు చేలో నేను చూసిన బొడ్రాయి మోకాలెత్తు కూడా లేదు. చుట్టూ రెండు మూరలు దున్నకుండా వదిలేశారు. కౌలుదారుని అడిగితే, ‘ఏటా ఒకసారి నాలుగైదు ఇళ్లవాళ్లు పక్క మండలం నుంచి వచ్చి పసుపు రాసి, నీళ్లు పోసి వెళ్తారండీ, ఎందుకో వాళ్లకీ సరిగ్గా తెలీదు’ అన్నాడు. ఊరు పోయి ఎన్ని తరాలైందో గానీ, ఊరి నడిబొడ్డు మాత్రం వాళ్లకి గుర్తుంది. మీరు కూడా మీ ఇంటివాళ్లు ఏ పోలేరమ్మకు పొంగలి పెట్టేవారో అడగండి.

ఇంటిపేరు పట్టుకుని ఊరు వెతకడం అందరూ చేసే పని. వేమూరి, చేబ్రోలు, తాడేపల్లి లాంటి ఇంటిపేర్లు ఊళ్ల పేర్లే. కానీ ఆ ఇంటిపేరు వచ్చి ఎన్ని వందల ఏళ్లైందో తేల్చడం కష్టం. దాన్ని బట్టి మీ ముత్తాతగారి పేట ఎక్కడో నిర్ణయించకండి.

ఎప్పుడు నమ్మాలి అంటే, నా పద్ధతి నాది. మ్యాపులో చుక్కలు, కాగితంలో పేరు, ఒక మనిషి జ్ఞాపకం, ఈ మూడూ ఒకే చోట కలిస్తేనే అది మీ ఊరు. రెండే కలిస్తే ఇంకా వెతకండి. ఒక కుటుంబం పేరు ఒక్కటే కలిసిందని వేరేవాళ్ల పేటను తమదనుకుని అక్కడ రాయి కూడా పాతించినవాళ్లను చూశాను. తర్వాత అసలు చోటు రెండు మైళ్ల అవతల తేలింది. పాపం, చాలా నలిగిపోయారు.

ఇప్పుడు మీరు మొదట చేయాల్సిన పని ఇంట్లోనే ఉంది. నాయనమ్మగారిని గట్టు, సర్వే నంబరు అని అడిగితే చెప్పలేరు. పొద్దున్నే నీళ్లకి కాలవలో దిగినప్పుడు సూర్యుడు నీళ్లవతల నుంచి వచ్చేవాడా, వాళ్ల ఇళ్ల వెనక నుంచి వచ్చేవాడా అని అడగండి. సీతానగరం నుంచి దుగ్గిరాల దాకా కాలవ దాదాపు దక్షిణానికే పారుతుంది. నీళ్లవతల నుంచి వచ్చేవాడంటే మీ పేట పడమటి గట్టున, అంటే కుడి గట్టున ఉన్నట్టు. ఇళ్ల వెనక నుంచంటే ఎడమ గట్టు. అలాగే లాకుల దగ్గర నీళ్లు దూకే చప్పుడు రాత్రిపూట ఇంట్లోకి వినిపించేదా అని కూడా అడగండి. ఆ రెండు జవాబులూ ఇక్కడ రాస్తే, మీరు ఎన్ని మైళ్ల గట్టు వెతకాలో, ఏ గ్రామం అడంగల్‌తో మొదలుపెట్టాలో నేను చెప్తాను.